పదో తరగతి వాట్సాప్ గ్రూపుతో ఊరి మాటల పుస్తకం వేయడం ఎలా

నెల్లూరు జిల్లా కావలిలో ట్రంకురోడ్డు పక్క సందులో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, దశదిన కర్మ కార్డులు, హాల్ టికెట్ల ప్రింటవుట్లు. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే పని. తెలుగు టైపు కొట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. అలాంటి నేను మొన్న సంక్రాంతికి మా 1994 పదో తరగతి బ్యాచ్ తరఫున 112 పేజీల పుస్తకం వేశాను. అందులో మా ఊరి మాటలు 640 ఉన్నాయి. రెండు వందల పైచిలుకు మాటల పక్కన క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోనుతో స్కాన్ చేస్తే ఆ మాటను మా ఊరి మనిషి గొంతులోనే వినొచ్చు.

పుస్తకం చూసిన వాళ్ళందరూ అడిగేది ఒకటే: "వాట్సాప్ గ్రూపు చేత పని ఎట్లా చేయించావబ్బా?" నిజమే, మాదీ అందరి గ్రూపుల్లాంటిదే. 63 మంది ఉన్నాం. పొద్దున గుడ్ మార్నింగ్ పూలు, మధ్యాహ్నం రాజకీయం, రాత్రి అలకలు. వారానికొకరు గ్రూపులోంచి వెళ్ళిపోవడం, మళ్ళీ బతిమాలి చేర్చడం. అదే గ్రూపు ఈ పుస్తకం రాసింది. మీకూ అలాంటి ఆలోచన ఉంటే మేం ఎలా చేశామో, ఎక్కడ చెడగొట్టుకున్నామో చెబుతాను.

అడిగే తీరు

మొదటిరోజు గ్రూపులో ఇలా పెట్టాను: "మిత్రులారా, మన ఊరి పాత మాటలు సేకరిద్దాం. అందరూ మీకు తెలిసినవి పంపగలరు." నాలుగు బొటనవేళ్ళు, రెండు నమస్కారాలు వచ్చాయి. మూడోరోజు ఒకాయన "మరచిపోయిన తెలుగు పదాలు" అని ఒక జాబితా పంపాడు. పైన రెండు బాణాల గుర్తు ఉంది, అంటే ఎన్నో చేతులు మారి వచ్చిందన్నమాట. అందులో ఎనభై మాటలుంటే మా ఊళ్ళో ఎవరి నోటా విననివే ఎక్కువ. అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాం: రెండు బాణాల సరుకు ఏదీ పుస్తకంలోకి రాకూడదు.

వారం తర్వాత ఎద్దులతో నీళ్ళు తోడిన మా పాత కపిల బావి దగ్గర పడి ఉన్న ఇనప బొక్కెన ఫొటో తీసి పెట్టాను. అడుగున తోలు తొండం సగం చిరిగి వేలాడుతోంది. కింద ఒక్క వాక్యం రాశాను: "దీంతో మీ ఇంట్లో ఎవరు నీళ్ళు తోడారు?"

ఆ రాత్రి 41 వాయిస్ మెసేజీలు వచ్చాయి.

అందులో తొమ్మిది ఒకే మనిషివి. రొయ్యల గుంటలు చేసుకునే మిత్రుడు. గ్రూపులో చేరి మూడేళ్ళయినా అంతదాకా ఒక్క అక్షరం రాయలేదు. పదో తరగతి తప్పాడు. తెలుగు రాస్తే తప్పులు పోతాయని, అయ్యవార్ల పిల్లలు నవ్వుతారని మొహమాటం. మైకు గుర్తు మీద వేలు పెట్టి మాట్లాడమంటే మాత్రం ఆపలేకపోయాం. ఎద్దులు వెనక్కి నడుస్తుంటే బొక్కెన బావిలోకి ఎలా దిగేదో, నిండాక వాటిని ముందుకు తోలుతూ వాళ్ళ తాత మోకు (లావు తాడు) మీద ఎలా కూర్చునేవాడో, అప్పుడు పాడే పాటేమిటో, నీళ్ళు తొట్లో పడేటప్పుడు ఎలా చప్పుడయ్యేదో, చప్పుడుతో సహా చెప్పాడు.

ఈ పని మొత్తంలో నేను నేర్చుకున్నది అక్కడే ఉంది. గ్రూపులో ఏ సాధనం పెడితే దానికి తగిన మనుషులే మాట్లాడతారు. రాయమంటే రాత అలవాటున్న నలుగురు రాస్తారు, అదీ పత్రికల భాషలో. ఫొటో పెట్టి గొంతుతో చెప్పమంటే పొలంలో ఉన్నవాడు, వంటింట్లో ఉన్నామె, కువైట్‌లో బండి తోలేవాడు కూడా నోరు విప్పుతారు. మాకు మాటలెక్కువ ఇచ్చింది వీళ్ళే.

కాబట్టి ప్రశ్న ఇలా పెట్టండి. రోజుకొక్కటే, ఒకే టైముకి. మేం రాత్రి ఎనిమిదిన్నర పెట్టుకున్నాం. ఇక్కడ అన్నాలయ్యే వేళ, కువైట్‌లో సాయంత్రం ఆరు. ప్రశ్నతోపాటు ఫొటో తప్పనిసరి. "దీన్ని ఏమంటారు" అని మాత్రమే అడిగితే ఒక్క మాట వస్తుంది. "మీ ఇంట్లో దీన్ని ఎవరు వాడేవారు" అని అడిగితే మాట, దాని చుట్టూ ఉన్న మరో పది మాటలు వస్తాయి. ఆ ఒక్క బొక్కెన ఫొటోతోనే కపిల, తొండం, మోకు, గిలక, తొట్టి అన్నీ దొరికాయి. అడిగాక గంటన్నర సేపు ఫార్వర్డులు పెట్టొద్దని బతిమాలాం. సగం మంది విన్నారు. ఆ సగం చాలు.

గొంతు రికార్డు చేయడం

ఇది తేలిక. ఫ్యాను ఆపాలి. మిక్సీ, టీవీ ఆపాలి. ఫోనును నోటికి జానెడు దూరంలో కాస్త పక్కగా పట్టుకోవాలి, ఎదురుగా పెడితే ఊపిరి చప్పుడు పడుతుంది. ముందు పేరు, వీధి, ఈ మాట ఎవరి నోట విన్నారో చెప్పి, తర్వాత మాట రెండుసార్లు నిదానంగా, ఆ తర్వాత ఒక వాక్యంలో. నిమిషం దాటొద్దని చెప్పండి, దాటితే మాత్రం ఆపొద్దు.

పెద్దవాళ్ళను రికార్డు చేసేటప్పుడు ఎందుకు చేస్తున్నామో, ఎవరెవరు వింటారో ముందే చెప్పాలి. ఇంట్లోవాళ్ళే కదా అని చాటుగా రికార్డు చేసి గ్రూపులో వేయడం తప్పు. మా పెద్దమ్మకు చెప్పాను. "నా గొంతు కువైట్ దాకా పోతాదా? అయితే ఉండు, నీళ్ళు తాగొస్తా" అంది. నీళ్ళు తాగి, కొంగు సర్దుకుని వచ్చి కూర్చుంది, ఫొటో తీస్తున్నట్టు. ఇద్దరు మాత్రం వద్దన్నారు. వాళ్ళు చెప్పిన మాటలు రాసుకున్నాం, గొంతు పెట్టలేదు. కులాన్ని పట్టి కించపరిచే మాటలు కొన్ని వచ్చాయి. వాటి మీద మాలో మాకు పెద్ద చర్చే జరిగింది. చివరికి పుస్తకంలోంచి తీసేశాం. భాషా పరిశోధన చేసేవాళ్ళు వేరుగా ఆలోచిస్తారేమో, మాది ఊరి పుస్తకం.

గ్రూపులో ఉంది కదా అని ఊరుకోవద్దు

వాట్సాప్ సంత లాంటిది. సరుకంతా వస్తుంది, తెల్లారేసరికి ఏదీ ఉండదు. ఈ సంగతి నాకు డబ్బు ఖర్చు లేకుండా తెలియలేదు. షాపు ఫోనులో మెమరీ నిండిపోయిందని ఒకరోజు పాత మీడియా అంతా తుడిచేశాను. అందులో 26 వాయిస్ మెసేజీలు ఇంకా ఎక్కడా దాచనివి. గ్రూపులో వెనక్కి వెళ్ళి నొక్కితే తెరుచుకోలేదు. పంపినవాళ్ళను మళ్ళీ పంపమంటే ఒకరు ఫోను మార్చారు, ఒకరు తుడిచేశారు. ఆ 26లో ఒకటి మా అయ్యవారి భార్యది. ఆమె సంక్రాంతికి లేరు. డేటా రికవరీ మనిషికి 1,500 ఇచ్చాను, ఏమీ దొరకలేదు.

అప్పటినుంచి నియమం: ఏ రోజు గొంతులు ఆ రోజే గూగుల్ డ్రైవ్‌లోకి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఇలాంటి చిన్న ఆడియోలకు బోలెడు. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ వాయిస్ ఫైలుకు పీటీటీ, తేదీ, డబ్ల్యూఏ, ఒక అంకె కలిపి పేరు పెడుతుంది. ఆ పేరుతో వదిలేస్తే నెల తర్వాత ఏది ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. మేం మాట సంఖ్య, చెప్పినవారి సంఖ్య కలిపి పెట్టాం. 037-12 అంటే మోకు, చెప్పింది పన్నెండో మనిషి. ఫొటోలు మామూలుగా పంపితే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది. అచ్చుకు కావాలంటే డాక్యుమెంటుగా పంపమనండి.

మాటలన్నీ ఒక గూగుల్ షీట్‌లో పెట్టాం. వరుసగా మాట, అర్థం, వాడిన వాక్యం, చెప్పినవారు, వీధి, ఆడియో సంఖ్య, సరిచూసినవారు. పని చేయడానికి ఐదుగురితో వేరే చిన్న గ్రూపు: నేను, కువైట్ డ్రైవరు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మా క్లాసమ్మాయి, అంగన్‌వాడీ టీచరు, ఆర్టీసీ కండక్టరు. 63 మందిలో ఐదుగురే పని చేస్తే మిగతావాళ్ళ మీద కోపం తెచ్చుకోవద్దు. వాళ్ళు మాటలిస్తున్నారు, అది చాలు.

షీట్‌లో మార్చే హక్కు అందరికీ ఇవ్వకండి. ఇవ్వకపోవడానికి కారణం వాళ్ళు కాదు, నేనే. ఒకరాత్రి మాటల్ని అక్షరక్రమంలో పెడదామని ఆ ఒక్క నిలువు వరుసనే ఎంచుకుని సార్ట్ కొట్టాను. మాటలు కదిలాయి, అర్థాలు కదల్లేదు. చూసుకోకుండా షాపు మూసి ఇంటికెళ్ళాను. అర్ధరాత్రి కువైట్ నుంచి ఫోను: "ఒరే, ఎర్రగడ్డ అంటే ఎద్దులు లాగే పనిముట్టా? మీ ఇంట్లో కూరలోకి గొర్రు తరుగుతారా?" ఎర్రగడ్డ అంటే మాకు ఉల్లిగడ్డ, గొర్రు పొలం పనిముట్టు. షీట్ పాత రూపాల్ని దాచే వర్షన్ హిస్టరీలోకి వెళ్ళి సాయంత్రం ఏడు గంటలనాటి షీట్‌ను వెనక్కి తెచ్చుకున్నాక గానీ ఊపిరి ఆడలేదు. ఆ తర్వాత మార్చే హక్కు ముగ్గురికే, మిగతావాళ్ళకు కామెంట్ రాసే హక్కు.

రాతలోకి దించడం

గొంతును అక్షరాల్లోకి దించడానికి మొదట ఫోను సాయం తీసుకున్నాం. గూగుల్ తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచి ఉంది, మంచిదే. కానీ దానికి తెలిసిన తెలుగు వేరు, మా పెద్దమ్మ తెలుగు వేరు. రొయ్యల మిత్రుడు "ఆడ మోకు మీద కూసోని దిగుతుండె మా తాత" అంటే ఫోను "అక్కడ మొక్కు మీద కూర్చొని దిగుతుండే మా తాత" అని రాసింది. తాడు మీద కూర్చున్న పెద్దాయన దేవుడి మొక్కు మీద కూర్చున్నాడు. మొక్కును చూసి నవ్వుకుని దిద్దుకుంటాం. అసలు ప్రమాదం 'ఆడ' అనేది 'అక్కడ' అయిపోవడంలో ఉంది, అది తప్పులా కనిపించదు కాబట్టి ఎవరూ దిద్దరు. అలా దిద్దకుండా పోతే మా నెల్లూరు యాస మొత్తం ఇస్త్రీ చేసిన చొక్కా అయిపోతుంది. అందుకని ఫోను రాసినదాన్ని చిత్తుప్రతిగానే తీసుకుని, ఆడియో మళ్ళీ విని చేత్తో టైపు చేశాం. ఆ పని ఎక్కువగా అంగన్‌వాడీ టీచరు చేసింది. ఆమె లేకపోతే ఈ పుస్తకం లేదు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి, కాస్త ఓపిగ్గా వినండి. డీటీపీ వాళ్ళు చాలామంది ఇప్పటికీ పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొడతారు. నేనూ మొదటి 180 మాటలు అలాగే కొట్టాను, చేతికి అలవాటు. అనులో తెర మీద "అమ్మ" అని కనిపిస్తుంది కానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఫాంటు ముసుగు తీస్తే పిచ్చిగీతలు. ఆ ఫైలును కువైట్ పంపితే వాడు చదవలేడు. షీట్‌లో వెతికితే దొరకదు. యూనికోడ్‌లో అలా కాదు. అది ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంకేతం ఇచ్చే ఉమ్మడి పద్ధతి. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పు నుంచే తెలుగు అక్షరాలకు సొంత చోటు ఉంది. ఏ ఫోనులో చూసినా 'అ' అంటే 'అ'నే. నా 180 మాటల్ని కన్వర్టరులో వేసి మారిస్తే వత్తులు కొన్ని ఎగిరిపోయాయి, కూర్చుని రెండు రోజులు దిద్దాను. మీరు మొదటి అక్షరం నుంచే యూనికోడ్‌లో కొట్టండి. ఫోనులో తెలుగు కీబోర్డు ఉంటే అది యూనికోడే. పేజీలు పెట్టే మనిషితో మాత్రం ముందే మాట్లాడుకోండి, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. నేను ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక పెట్టి చేశాను. లోపలి అక్షరాలకు మండలి, పెద్ద అక్షరాలకు రామభద్ర ఫాంట్లు వాడాను. రెండూ ఉచితం, అచ్చుకు బాగుంటాయి.

తగాదాలు

అర్థాల మీద గొడవలు వస్తాయి, రావాలి. నేను మొదట్లో పోల్ పెట్టి తేల్చేద్దామనుకున్నాను. ఎవరో పాత ఆల్బంలోంచి ఒక ఫొటో పంపారు. ఇంటి ముందు గడ్డితో చుట్టిన గుండ్రటి కట్టడం, పక్కన ఒక పిల్ల నిలబడి ఉంది. "ఇది గాదెనా, పురినా?" రెండూ ధాన్యం దాచేవే. గాదెకు 24 ఓట్లు, పురికి 6. గాదె అని రాసేశాను.

మర్నాడు పొద్దున్నే ఒకామె ఫోను చేసింది. ఓటే వెయ్యలేదు ఆమె. "గాదెకు తడిక గోడ ఉంటాదిరా, పేడతో మేమే అలికేవాళ్ళం. ఇది వెంటి పేని చుట్టింది. అలికిన చేతులు నావి, ఓట్లేసినోళ్ళు మగోళ్ళు." వెంటి అంటే గడ్డితో పేనిన తాడు. ఓట్ల జాబితా తీసి చూశాను. గాదె అన్న 24 మందిలో 21 మంది మగవాళ్ళే. పోల్‌లో తెలిసేది ఎంతమంది అనుకుంటున్నారన్నదే, ఎవరికి తెలుసన్నది కాదు. ఆ రోజునుంచి పోల్ ఎక్కడ తిందామో తేల్చుకోవడానికే వాడాం.

రెండు అర్థాలూ నిజమైతే రెండూ రాయండి. పుట్టి అనే ధాన్యం కొలత దగ్గర మాకు అదే జరిగింది. మా నెల్లూరులో ధాన్యం బేరంలో పుట్టి అంటే 850 కిలోలు. కృష్ణా జిల్లాకు కోడలుగా వెళ్ళిన క్లాసమ్మాయి ఒప్పుకోలేదు, అక్కడి లెక్క వేరంది. మా పెద్దమ్మను అడిగితే కిలోల ఊసే లేదు, "ఇరవై తూములు" అంది. గ్రూపులో మూడు రోజులు అరుచుకున్నారు. నేను ఆ వాదనంతా తీసి షీట్‌లో ఆ మాట పక్కన కామెంట్‌గా పెట్టి, ముగ్గురినీ అక్కడ రాయమన్నాను. గ్రూపులో అరిచినవాళ్ళే అక్కడ నెమ్మదిగా రాశారు. నలుగురూ చూస్తున్న చోట గెలవాలనిపిస్తుంది, మాట పక్కన రాసేటప్పుడు ఆ మాటకే కట్టుబడతారు కాబోలు. పుస్తకంలో పుట్టికి మూడు అర్థాలూ, చెప్పినవాళ్ళ పేర్లతో ఉన్నాయి.

సందేహం వస్తే నిఘంటువులు చూడండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువుల్ని ఒకేసారి వెతకొచ్చు, 1852 నాటి బ్రౌన్ నిఘంటువుతో సహా. వ్యవసాయ మాటలకైతే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూర్చిన మాండలిక వృత్తిపదకోశం ఉంది, వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. ఆయన ఒంగోలులో పుట్టినవారే. ఊరూరా రైతుల్ని అడిగి రాసుకున్న మాటలవి, ఫోన్లు లేని కాలంలో. ఒక జాగ్రత్త: నిఘంటువులో వేరే అర్థం ఉందని మీ ఊరి అర్థాన్ని కొట్టేయకండి. పక్కన రాసుకోండి.

బయటికి తేవడం

అచ్చుకు ముందు ఒకసారి పేర్లన్నీ చదివి వినిపించండి. ఎంత చిన్న మాట ఇచ్చినా పేరుండాలి. ఒక్క మాట ఇచ్చిన మనిషి కూడా ముందు తన పేరున్న పేజీనే తెరుస్తాడు. ఫోను నంబర్లు మాత్రం ఎక్కడా ఉండకూడదు.

క్యూఆర్ సంగతి చెప్పి తీరాలి. సంక్రాంతి మర్నాడు బడి ఆవరణలో షామియానా కింద పుస్తకాలు పంచాం. అందరూ ఒకేసారి ఫోన్లు తీసి స్కాన్ చేశారు. ఒక్కరికీ గొంతు వినపడలేదు. "యాక్సెస్ కావాలి" అని వచ్చింది. డ్రైవ్‌లో ఆ ఫోల్డరు మా ఐదుగురికే తెరిచి ఉంది, నేను నా ఫోనులోనే పరీక్షించుకున్నాను కాబట్టి నాకు అన్నీ చక్కగా పలికాయి. పది నిమిషాల్లో నా మెయిల్‌కు నలభై అభ్యర్థనలు వచ్చాయి. ముఖ్య అతిథిగా వచ్చిన మా లెక్కల అయ్యవారు మైకులో "వీడు అప్పుడూ అంతే, లెక్క చేసి సరిచూసుకునేవాడు కాదు" అన్నారు. లింకు ఉన్న ఎవరైనా వినేలా మార్చేసరికి భోజనాలు అయిపోయాయి. మీరు మాత్రం పుస్తకం అచ్చుకు పంపే ముందు మీ గ్రూపులో లేని మనిషి ఫోనుతో, డ్రైవ్‌లోకి లాగిన్ కాని ఫోనుతో, స్కాన్ చేసి చూడండి.

ఇప్పుడు రెండో పని మొదలైంది. ఒప్పుకున్నవాళ్ళ గొంతుల్ని, ఎవరైనా ఉచితంగా వాడుకునే ఫైళ్ళ భండారమైన వికీమీడియా కామన్స్‌లో పెట్టి, ఉచిత ఆన్‌లైన్ నిఘంటువైన తెలుగు విక్షనరీలో ఆ మాటలకు జత చేస్తున్నాం. దానికి మళ్ళీ విడిగా అనుమతి అడగాలి. అక్కడ ఒకసారి స్వేచ్ఛా లైసెన్సుతో ఇస్తే ఎవరైనా వాడుకోవచ్చు, వెనక్కి తీసుకోవడం ఉండదు. ఈ ముక్క స్పష్టంగా చెబితే మా దగ్గర పదకొండు మంది ఆగిపోయారు. పర్వాలేదు, మిగతావి ఎక్కిస్తున్నాం.

డ్రైవ్ ఖాతా నా సొంత మెయిల్ మీద కాకుండా బ్యాచ్ పేరుతో కొత్తది తెరిచాం. పాస్‌వర్డు ముగ్గురి దగ్గర ఉంది: నా దగ్గర, బెంగళూరులో, కువైట్‌లో. ముగ్గురూ ఎప్పుడూ ఒకే బస్సు ఎక్కొద్దని మా కండక్టరు చెప్పాడు.